చెప్పులు చేతిలో పట్టుకున్న పెళ్లికొడుకు

2023 చలికాలం నాటి మాట ఇది. మదనపల్లె బస్టాండు వెనక సందులో, మెడికల్ షాపు పైన నా ఫోటో స్టూడియో. మొదట అది మా ఆయనది. వెన్నునొప్పితో పెళ్లిళ్లలో గంటలకొద్దీ నిలబడలేక కెమెరా తీసి నా మెడలో వేశాడు. తను కంప్యూటర్ ముందు కుర్చీ వేసుకున్నాడు. అట్లా ఈ వృత్తిలోకి వచ్చినదాన్ని నేను. ఆడమనిషిని కావడం వల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చే పని ఒకటుంది, ప్రీ-వెడ్డింగ్ షూట్. నిశ్చితార్థమయ్యాక, పెళ్లికి ముందు, కాబోయే జంటను ఏదో ఒక అందమైన చోటుకి తీసుకెళ్లి ఫోటోలు తీయడం. మగ ఫోటోగ్రాఫర్ వెంట పిల్లను పంపడానికి జంకే తండ్రులు నేనంటే ఒప్పుకుంటారు.

కుప్పం నుంచి రత్నమ్మ గారు అందుకే వచ్చింది. వాళ్లది హోల్‌సేల్ కిరాణా కొట్టు. ఒక్కడే కొడుకు, దినేశ్. పిల్ల పుంగనూరు దగ్గర పల్లెలో నారాయణప్ప కూతురు, హేమ. పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు.

“హార్స్‌లీ కొండలో తీద్దామా?” అన్నాను.

“ఆ కొండ అందరూ ఎక్కేదే కదమ్మా. మా ఆడపడుచు కొడుక్కి కూడా ఆడే తీసినారు. మాకు సముద్రం కావల్ల. మామూలు బీచి కాదు, అడివీ సముద్రమూ రెండూ ఉండే నేషనల్ పార్కంట. ఎవురూ పోని సోటు కావల్ల” అంది రత్నమ్మ గారు.

తమిళనాడు తీరంలో అటువంటిది ఒకటుంది. మనుషుల పేర్లు మార్చాను, దాని పేరు మాత్రం రాయను. రాస్తే కుప్పంలో ఈ ఫోటోలు చూసినవాళ్లకు ఎవరి సంగతో ఇట్టే తెలిసిపోతుంది. ఆ పిల్లకు జరిగింది చాలు.

నారాయణప్ప టమోటా తోటలోంచి నేరుగా స్టూడియోకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. “నువ్వుండావని పంపిస్తాండానమ్మా. మా మరదలు కూడా వస్తాది. పిల్ల జాగ్రత్త” అన్నాడు.

వ్యానులో పుంగనూరులో హేమనూ ఆమె పిన్నమ్మనూ ఎక్కించుకుని, కుప్పంలో దినేశ్‌ను ఎక్కించుకుని ఘాటు దిగాం. పిన్నమ్మకు వ్యాను ప్రయాణం పడదు. కృష్ణగిరి దాటేసరికే మనిషి డీలా పడిపోయింది. మర్నాడు పార్కు గేటు దగ్గర వేపచెట్టు నీడలో కూర్చుని, “మీరు పోయి రాండమ్మా, నన్ను కదిలించొద్దండి” అని చేతులు జోడించింది.

ఇటువంటి పార్కుల్లో ఫోటోలు తీయడం మనిష్టం కాదు. కెమెరాకు ముందే పర్మిషన్ తీసుకోవాలి. డ్రోన్ ఎగరేయకూడదు. పక్షుల దగ్గరికి పోకూడదు. మా వెంట ఒక వాచర్‌ను ఇచ్చారు, అరవై దాటిన తమిళాయన. మడచెట్ల మధ్య కాలిబాట, అది దాటితే ఉప్పు మేట వేసిన మైదానం, దాని అవతల సముద్రం. నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నాయి. మెరిసే బురదలో వందలకొద్దీ ఫ్లెమింగోలు మేస్తున్నాయి. పెళ్లి పందిట్లో ఎంత వెలుతురు పెట్టినా రాని రంగు అక్కడ ఊరికే నేల మీద పడి ఉంది. నేనే కాసేపు కెమెరా ఎత్తడం మరిచిపోయాను.

హేమ సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆ పిల్ల సముద్రం చూడటం అదే మొదలు. పిల్లకాయలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన సముద్రం ఎదురుగా ఉంది. “ఆ పక్షులు యాడ నుంచి వచ్చినాయి? యాల అట్ల తలకిందులుగా తింటాండాయి?” అని వరసగా అడుగుతూనే ఉంది. వాచర్‌కు తెలుగు రాదు. కుప్పం పిల్లోడు కదా, దినేశ్‌కు తమిళం వచ్చు. ఆమె అడిగింది ఆయనకు చెప్పి, ఆయన చెప్పింది ఈమెకు తెచ్చి ఇస్తున్నాడు. “నీళ్లలో చిన్న చిన్న రొయ్యలుంటాయంట. అవి తిని తిని ఆ రంగు వచ్చిందంట” అన్నాడు, తానే కనిపెట్టినంత సంబరంగా. ఎన్నో జంటల్ని చూశాను. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమంటే కరెంటు తీగ పట్టుకున్నట్టు పట్టుకుంటారు. వీళ్లకు నేను ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

మా పనిలో క్యాండిడ్ అంటారు. ఫలానా చోట నిలబడండి, ఇటు చూడండి అని చెప్పకుండా, వాళ్ల లోకంలో వాళ్లుండగా తీసే ఫోటో. కాస్త పోజులిచ్చాక ఇద్దరినీ వదిలేసి దూరం నుంచి క్యాండిడ్లు తీస్తున్నాను.

బురద చెప్పుల్ని లాగేస్తుందని వాచర్ అంటే హేమ చెప్పులు విడిచి నీళ్ల అంచున పెట్టి ముందుకు నడిచింది. మా పొలాల్లో గట్టు మీద విడిచిన చెప్పులు సాయంత్రం దాకా విడిచిన చోటే ఉంటాయి. నీళ్లు నడిచి వస్తాయని మెట్ట పొలాల పిల్లకు ఎవరు చెప్పారు? పోటు మొదలైంది. చెప్పులు తేలి పోతుంటే దినేశ్ ప్యాంటు తడుస్తున్నా చూసుకోకుండా పరుగెత్తి పట్టుకున్నాడు. మళ్లీ కింద పెడితే పోతాయని చేతిలోనే ఉంచుకున్నాడు. అప్పుడే ఎక్కడో ఏదో అలికిడికి ఫ్లెమింగోలన్నీ ఒక్కసారిగా లేచాయి. రెక్కల కింద ఎరుపు ఆకాశం నిండా విచ్చుకుంది. హేమ నోరు తెరిచి వాటిని చూస్తోంది. వెనక ఆమె చెప్పులు రెండూ పట్టుకుని దినేశ్ ఆమెను చూస్తున్నాడు.

నొక్కాను. నా జన్మలో నేను తీసిన మంచి ఫోటో అదే. ఇవాళ్టికీ అదే మాట అంటాను.

సెలెక్షన్ అని ఒక తంతు ఉంటుంది. తీసినవాటిలోంచి ఆల్బమ్‌లోకి పోయేవి ఏరడం. పట్నాల్లో ఆ పని జంటే చేసుకుంటుందట. మా వైపు ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి చేస్తారు. నేను బాగా వచ్చినవి తీసిపెట్టుకుని వెళితే రత్నమ్మ గారు ఒప్పుకోలేదు. “తీసినవన్నీ ఎయ్యమ్మా, మా వాళ్లంతా వచ్చినారు” అంది. హాలు నిండా చాపలు. చుట్టాలు, పక్కింటివాళ్లు, పళ్లెం నిండా మిక్చరు. పిల్ల తరఫువాళ్లు ఒక్కరూ లేరు. ఉండరు కూడా, అది ఆనవాయితీ కాదు.

మొదట అంతా బాగానే నడిచింది. చీర రంగు బాగుందన్నారు, సముద్రం బాగుందన్నారు. తర్వాత ఆ ఫోటో వచ్చింది. రత్నమ్మ గారి అన్న, అంటే దినేశ్ మేనమామ, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనే మొదలుపెట్టాడు.

“ఏమప్పా దినేశా, మూడు ముళ్లు ఎయ్యకముందే చెప్పులు మోస్తాండావు. ఏసినాక ఏం మోస్తావో?”

హాలంతా గొల్లుమంది. దినేశ్ కూడా నవ్వాడు. ఆ నవ్వును మాత్రం నేను మరిచిపోలేను.

నవ్వనిది రత్నమ్మ గారొక్కతే. “మొదుట్నించి మళ్లా ఎయ్యమ్మా” అంది. వేశాను. ఈసారి ఆమె చూపు వేరు. “ఈడ సూడు, పిల్ల మా వాణ్ణి సూడ్లేదు. ఈడా సూడ్లేదు. మా వాడేమో గొడుగు పట్టినోడి మాదిరి ఎనకాల నిలబడుకోనుండాడు.”

“పక్షులు లేచినాయమ్మా, అటు చూసింది. చెప్పులు అలకు కొట్టుకుపోతుంటే ఆ అబ్బాయే పరుగెత్తి తెచ్చినాడు, ఆమె అడగను కూడా లేదు” అన్నాను.

“పక్షులు లేస్తే మా వాడు పిల్లను సూస్తాండాడు. పిల్ల పక్షుల్ని సూస్తాండాది. మాకూ కండ్లుండాయమ్మా.”

దినేశ్ వైపు చూశాను. జరిగింది తెలిసినవాడు ఆ హాల్లో నేను కాక అతనొక్కడే. ‘నాకై నేనే పట్టుకున్నానమ్మా’ అని ఒక్క మాట అంటే నవ్వులాటతో పోయేది. తేలు కుట్టిన దొంగలా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ వారంలోనే సంబంధం వద్దని కబురు పంపారు. పిల్లకు మా వాడి మీద మనసు లేదు, ఫోటోల్లోనే తెలిసిపోయింది అన్నారట.

నేను ఊరుకోలేక దినేశ్‌కు ఫోన్ చేశాను. “మీ అమ్మకు నిజం చెప్పు నాయనా” అన్నాను. నీళ్లు నమిలి, “మామోళ్ల ముందర ఏం చెప్పేదక్కా? నన్ను సూసి నవ్వతాండారు” అన్నాడు. పెళ్లి పోతుందన్న దిగులు కన్నా నవ్వుతారన్న దిగులు వాడికి పెద్దదైంది. నాకు ఒళ్లు మండి ఫోన్ పెట్టేశాను.

నారాయణప్ప కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. “ఆ ఫోటో ఒకతూరి సూపించమ్మా” అన్నాడు. పెద్ద తెర మీద పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని దగ్గరికి వచ్చి, తోటలో ఆకు తిప్పి తెగులు కోసం చూసినట్టు మూల మూలా చూశాడు. చివరికి నా వైపు తిరిగి, “దీంట్లో తప్పేముండాదమ్మా? బాగుండారు కదా ఇద్దురూ” అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయాడు.

హేమ అక్కడే నిలబడింది. ఊళ్లో అడిగేవాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదని చెప్పింది. బడిలో టీచర్లు తను గదిలోకి రాగానే మాటలు ఆపేస్తున్నారంది. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం నోటికి పెట్టలేం కదా. పిల్ల పెళ్లికొడుకు చేత చెప్పులు మోయించిందట అన్న మాట కుప్పం నుంచి పుంగనూరుకు బస్సు కన్నా ముందు చేరింది.

“పోనీలే హేమా. అటువంటి పిరికివాడితో పెళ్లి తప్పిపోవడమే మంచిది” అన్నాను. అందరూ అనే మాటే.

“మీకందరికీ అట్లే ఉంటాది అక్కా. నాకు ఆ మనిషి నచ్చినాడు. యాలంటే, ఆపొద్దు నన్ను సూడనిచ్చినాడు. ఇటు తిరుగు, నన్ను సూడు అన్లేదు. జనమంతా ఇట్లే ఉంటే బాగుణ్ణు అనుకున్న్యా. మనిషిని సూడాల్నంటే బతుకంతా ఉండాది కదా అనుకున్న్యా.”

నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు. ఫోటోలన్నీ తీసెయ్యమంది. తన ఎదుటే తీసేశాను. కానీ సెలెక్షన్‌కు నేను తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్ కుప్పంలోనే ఉండిపోయిందని ఇద్దరికీ తెలుసు.

ఏడాది తిరక్కుండా రత్నమ్మ గారు మళ్లీ వచ్చింది, కొడుకుతో సహా. వేరే సంబంధం కుదిరింది. పిల్ల తరఫువాళ్లు అంత దూరం పంపరట.

“అంత దూరం పోయి తీసినవి వృథా యాల? సముద్రం అదే, మా వాడూ వాడే. పిల్లను మాత్రం మార్చెయ్యమ్మా. ఈ పిల్లను అట్లాంటి చీరలోనే మీ స్టూడియోలో నిలబెట్టి తీయి. కంప్యూటర్లో అన్నీ అవతాయంట కదా.”

అవుతాయి. నిజమే. ఒకరిని తీసేసి ఆ చోట ఇంకొకరిని అతికించడం మా ఆయనకు పూట పని. “మీ వాణ్ణి కూడా మార్చెయ్యమంటారా?” అన్నాను. రత్నమ్మ గారికి అర్థం కాలేదు. దినేశ్‌కు అయింది. తల దించుకుని ముందుగా మెట్లు దిగాడు. మా ఊళ్లో స్టూడియోలకు కరువా? ఇంకొకరు చేసిచ్చారు. కుప్పంలో వేరే పెళ్లికి వెళితే ఆ పక్క కల్యాణమండపం ముందు ఫ్లెక్సీ కనబడింది. కొత్తపిల్ల నేరుగా దినేశ్ కళ్లలోకి చూస్తోంది. వెనక ఎగురుతున్నవి నా ఫ్లెమింగోలే. చెప్పులు చెరిపేశారు గానీ, చేతివేళ్లు ఏదో పట్టుకున్నట్టే వంకరగా మిగిలిపోయాయి. దారిన పోయేవాళ్లు ఆగి, సముద్రం భలే ఉందనుకుంటూ పోతున్నారు.

ఈ వృత్తిలో ఎవరినైనా అనుభవం అడిగితే వెలుతురు గురించో లెన్సుల గురించో చెబుతారు. నేను నేర్చుకున్నది వేరు. మేం తీసేది ఇద్దరినే అయినా చూసేది హాలు నిండా మనుషులు. ఆ హాల్లో ప్రేమకు ఒక్కటే ఆనవాలు, పిల్ల తల ఎత్తి మగవాణ్ణి చూడాలి. అందుకే ఇప్పుడు నేను క్యాండిడ్లు తీయడం మానేశాను. “చూపు పక్కకు పోనీకమ్మా, ఆ అబ్బాయినే చూడు” అని ప్రతి పెళ్లికూతురికీ నా నోటితో నేనే చెబుతాను. ఫోటోలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. సెలెక్షన్‌లో ఎవరూ ఏమీ అనరు.

మొన్న ఒక పిల్లను అదే పార్కుకు తీసుకెళ్లాను. సాయంత్రపు ఎండ నీళ్ల మీద పడింది. కాబోయే వాడి ఛాతీ మీద చెయ్యి వేసి, నేను చెప్పినట్టే కళ్లు ఎత్తి నిలబడిన పిల్ల పెదవులు మాత్రం కదిలించి అడిగింది.

“అక్కా, ఒక్క నిమిషం అటు సూసేదా?”

“నేను కెమెరా సంచిలో పెట్టేసినాక చూడు తల్లీ” అన్నాను.