వెంచరులో ఖాళీ ట్రాన్స్‌ఫార్మర్

2005 జూన్‌లో నన్ను గుంటూరుకి, మంగళగిరికి మధ్య ఉన్న ఒక సెక్షన్‌కి అసిస్టెంట్ ఇంజనీరుగా బదిలీ చేశారు. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే జనం నేరుగా వచ్చి తిట్టగలిగే ఆఫీసు. అక్కడి అధికారి ఏఈ. ఆయన కింద లైన్ ఇన్‌స్పెక్టరు, లైన్‌మన్లు, హెల్పర్లు ఉంటారు. పైన అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు, అంటే ఏడీఈ, ఆ పైన డివిజనల్ ఇంజనీరు, అంటే డీఈ. కొత్తగా లైను వెయ్యాలంటే ఏఈ స్థలం చూసి, ఖర్చు అంచనా కట్టి ఎస్టిమేటు పంపాలి. పైవాళ్ళు మంజూరు చెయ్యాలి. చెయ్యకుండా బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే ఏఈ చేయగలిగింది పెద్దగా ఉండదు. ‘ఆయన’ అని రాశాను గానీ, మా డివిజన్‌లో అప్పుడున్న ఏఈల్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని.

ఆ రోజుల్లో హైవేకి రెండు వైపులా పత్తి, మిరప మొక్కలు పీకేసి హద్దు రాళ్ళు పాతుతున్నారు. రాళ్ళు పాతిన పొలాన్ని వెంచరు అనేవారు. టీకొట్టు దగ్గర, బస్టాండులో, మా ఆఫీసు వరండాలో కూడా ప్రతివాడూ జోస్యుడే. ఇటు రింగు రోడ్డు వస్తుందని ఒకడు, అటు కంపెనీలు వస్తాయని ఇంకొకడు. ఇవాళ గజం ఎంత, వచ్చే ఏడాదికి ఎంత అన్న మాట తప్ప వేరే మాట లేదు. కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది, మురుగు ఎటు పోతుంది అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. కొనేవాడు ఉండటానికి కొనడం లేదు, ఇంకొకడికి అమ్మడానికి కొంటున్నాడు. ఆ ఇంకొకడి ఆలోచనా అదే.

నా సెక్షన్‌లో హైవేకి కాస్త లోపలగా ఒక పెద్ద వెంచరు ఉండేది. ముఖద్వారం, ఎర్ర గ్రావెల్ రోడ్లు, వరసగా స్తంభాలు, ఒక మూలన జంట స్తంభాల మీద ట్రాన్స్‌ఫార్మర్. ఆదివారాలు గుంటూరు నుంచి బస్సుల్లో జనాన్ని తీసుకొచ్చి షామియానా కింద భోజనం పెట్టి, లక్కీ డ్రా తీసేవారు. మా ప్రాంతపు మధ్యతరగతి మనిషికి స్థలం కొనేటప్పుడు ఒక పద్ధతి ఉంది. దస్తావేజులు ప్లీడరుకి చూపిస్తాడు, కరెంటు సంగతి మాత్రం తన కళ్ళతోనే చూసుకుంటాడు. తలెత్తి స్తంభాలు చూస్తాడు, ట్రాన్స్‌ఫార్మర్ చూస్తాడు, తల ఊపి అడ్వాన్సు ఇస్తాడు. అందులో కరెంటు ఉందా అని అడగడు. పెళ్ళిచూపుల్లో కూడా అమ్మాయిని ఒక పాట పాడమంటారు, ఇక్కడ ఆ మాత్రం పరీక్ష కూడా లేదు.

అంత పెద్ద వెంచరులో ఇల్లు కట్టినవాడు ఒక్కడే, మస్తాన్‌వలి. దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం వాళ్ళది. గుంటూరులో ఒక కొట్టు అద్దెకు తీసుకుని, మోటారుతో నడిచే దూది ఏకే మిషను పెట్టుకున్నాడు. ఆ కొట్టు ఉన్న పాత కట్టడం పడగొట్టి కాంప్లెక్స్ కడతామని యజమాని ఖాళీ చెయ్యమన్నాడు. దాంతో మస్తాన్‌వలి, ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం అనుకుని ఈ వెంచరులో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. మా వైపు పరుపుల గిరాకీ అంతా చలికాలం, పెళ్ళిళ్ళ కాలం. ఆ లోపు మిషను తిరగకపోతే ఏడాది తిండి పోతుంది. అయ్యవారి దగ్గర ముహూర్తం అడిగి, దర్గా ముజావరుతో ఫాతిహా చదివించి, పాలు పొంగించి ఇంట్లో దిగారు. దిగిన మర్నాడే కనెక్షన్ కోసం మా ఆఫీసుకి వచ్చాడు.

దరఖాస్తు తీసుకుని లైన్‌మన్‌ని పంపాను. వాడు సాయంత్రానికి తిరిగొచ్చి, “మేడం, అక్కడ మన ట్రాన్స్‌ఫార్మర్ లేదండీ” అన్నాడు. నేను రోజూ జీపులో నుంచి చూస్తున్నదే కదా అన్నాను. “ఉందండీ, మనది కాదండీ” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నేనే వెళ్ళాను. వర్షాలకు నల్లరేగడి నాని స్తంభాలు సగం పక్కకు ఒరిగి ఉన్నాయి. మా శాఖ స్తంభం పాతితే గోతిలో కాంక్రీటు వేస్తుంది, వీటికి మట్టే కప్పారు. పదకొండు వేల వోల్టుల లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు దించే తీగల్ని జంపర్లంటాం. అవి లేవు. స్తంభాల మీది తీగ చివరి స్తంభం దగ్గర ఇన్సులేటరుకి చుట్టి ఆగిపోయింది. దాని అవతల పత్తి చేను. లైను ఎక్కడా దేనికీ కలిసి లేదని అటూ ఇటూ నడిచి నిర్ధారణ చేసుకున్నాక లైన్‌మన్‌ని ఎక్కించి ట్యాంకు మీద కటింగ్ ప్లేయరుతో కొట్టమన్నాను. ఖాళీ బిందె మోగినట్టు మోగింది. లోపల కాయిలు లేదు, ఆయిలు లేదు. తుక్కులో కొన్న ట్యాంకుకి బూడిద రంగు వేసి, మా శాఖ రాసినట్టే ఒక నంబరు కూడా రాసి నిలబెట్టారు. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

మస్తాన్‌వలి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అతని భార్య హుసేన్‌బీ ఆ మోత విని బయటికి వచ్చింది. ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె ఆ డబ్బా వంక చూసి, “నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి గదమ్మా” అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పదహారేళ్ళ సర్వీసులో కరెంటు దొంగల్ని చూశాను గానీ, లేని కరెంటుని అమ్ముకున్నవాణ్ణి అప్పుడే చూశాను.

వెంచరు యజమానిని ఆఫీసుకి పిలిపించాను. కుర్చీలో కూర్చుంటూ మొదట అడిగిన మాట, “మీ సార్ ఎవరండీ?” అని. నేనే ఏఈని అన్నాను. అయినా నా వెనక గోడ వైపు ఒకసారి చూసి, “అది మోడల్ అండీ మేడం. కస్టమర్‌కి ఒక ఐడియా రావాలి గదా. అన్ని వెంచర్లలోనూ ఉన్నదే” అన్నాడు. వెంచరుకి కరెంటు కావాలంటే లైను, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు యజమాని ముందే మా శాఖకి కట్టాలి. అప్పుడే ఇళ్ళకి మీటర్లు ఇస్తాం. ఆయన పైసా కట్టలేదు. ఆ ఖర్చు ఎప్పుడు కడతారని అడిగితే, ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక చూద్దామన్నాడు. ఆ నవ్వు మొహం తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

ఆయనకి నోటీసు ఇచ్చాను. అసలు ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎస్టిమేటు వేసి, ఖర్చు యజమాని నుంచి రాబట్టమని రాసి ఏడీఈ గారికి పంపాను. పక్క చేలో బోరుకి లైను ఉంది, దాంట్లోంచి ఒక తీగ లాగమని మస్తాన్‌వలి బతిమాలాడు. వ్యవసాయ లైనులో కరెంటు రోజుకి కొన్ని గంటలే ఉంటుంది, దాని మీద ఇంటికి సర్వీసు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. ఆ మాట అతనికి చెప్పాల్సి వచ్చింది. ఎస్టిమేటు ఏమైందని ఏడీఈ గారిని అడిగితే, “తొందరపడకమ్మా, అందరి పొట్టా కొట్టకూడదు” అన్నారు. ఆయనకి అక్కడ భార్య పేరు మీద ప్లాటు ఉందని మా క్లర్కు చెబితే తెలిసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు.

నోటీసు సంగతి బయటికి పొక్కింది. ఒక మధ్యాహ్నం పదిమంది దాకా ప్లాట్ల ఓనర్లు మా ఆఫీసుకి వచ్చారు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒక డాక్టరు. వాళ్ళకి పెద్ద ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. మోసపోయినవాళ్ళు న్యాయం కోసం వచ్చారనుకుని కుర్చీలు వేయించాను, కాఫీ కూడా చెప్పాను. లెక్చరర్ గారు గొంతు సవరించుకుని, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీదని తమకి ఈమధ్యే తెలిసిందనీ, దయచేసి దాన్ని దించవద్దనీ అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన క్లాసు చెప్పినట్టు చెప్పారు. “మార్కెట్ అంతా నమ్మకం మీద నడుస్తుందండీ మేడం. ఇప్పుడు ఊపు మీద ఉంది. మీరు దాన్ని దించారనుకోండి, వెంచరుకి కరెంటు లేదని పేరు పడిపోతుంది. రేటు సగానికి వస్తుంది. మేం ఉండటానికి కొనలేదు. మమ్మల్ని అమ్ముకోనివ్వండి. ఆ తరువాత మీ ఇష్టం.”

కొన్నవాడికి కరెంటు ఎట్లా వస్తుందని అడిగాను. వాళ్ళూ అమ్ముకుంటారులెండి అన్నారు.

మస్తాన్‌వలి తన దరఖాస్తు ఏమైందో కనుక్కోవడానికి వచ్చి అప్పుడు గోడ వారగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లెక్చరర్ గారి మాటలన్నీ విన్నాడు. “సార్, మీరు అమ్ముకునేది స్థలం. నేను కాపురం ఉంటున్నాను గదండీ అక్కడ” అన్నాడు మెల్లగా. లెక్చరర్ గారు అతని వైపు తిరిగి, తొందరపడి ఇల్లెవరు కట్టమన్నారయ్యా అని అడిగారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట ఇంకొకడు. ఈయన అంతకంటే ముందుకెళ్ళి, మంట ఆర్పితే నా చుట్ట ఆరిపోతుంది అంటున్నాడు. వచ్చిన కాఫీలు వెనక్కి పంపించేశాను. మర్యాద తప్పావని ఇంట్లో మా వారు అన్నారు. తప్పితే తప్పాను.

ప్రమాదకరంగా ఉన్న నిర్మాణాన్ని పైవాళ్ళ అనుమతి కోసం ఆగకుండా తీయించే అధికారం ఏఈకి ఉంది. ఒరిగిన స్తంభాలు రోడ్డు మీదికి వాలి ఉన్నాయి. ఆ ఆదివారమే, షామియానా కింద జనం ఉండగా, మా సిబ్బందిని తీసుకెళ్ళి ఆ డబ్బా దింపించాను. అసలు ట్రాన్స్‌ఫార్మర్ దించాలంటే చైన్ పుల్లీ కట్టి నలుగురు మనుషులు ఆపసోపాలు పడాలి. దీన్ని ఇద్దరు హెల్పర్లు గంగాళం మోసినట్టు మోసుకొచ్చి ట్రాక్టరులో పడేశారు. చేతిలో విస్తళ్ళతో జనం లేచి నిలబడి చూశారు. అలాంటి తృప్తి నాకు ఉద్యోగంలో మళ్ళీ దొరకలేదు.

రేటు పడిపోయింది. అయితే తిట్లు యజమానికి పోలేదు, నాకు కూడా పెద్దగా రాలేదు, మస్తాన్‌వలికి పోయాయి. ఆ సాహెబు కంప్లయింట్ ఇచ్చి అందరి నోట్లో మట్టి కొట్టాడని యజమాని ప్రచారం చేశాడు. వెంచరు బోరు నుంచి డీజిల్ ఇంజనుతో అతని తొట్టి నింపేవాళ్ళు, అది మానేశారు. హుసేన్‌బీ పక్క ఊరి నుంచి నీళ్ళు మోసుకొచ్చేది. ఏడీఈ గారి బల్ల మీద నా ఎస్టిమేటు అలాగే ఉంది. డీఈ గారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి మొత్తుకున్నాను. ఒక్క ఇంటి కోసం ట్రాన్స్‌ఫార్మర్ ఏమిటమ్మా, అందరూ కట్టనీ అన్నారు. కరెంటు లేని చోట అందరూ ఎట్లా కడతారని అడిగితే ఆయన ఫోను తీసుకుని ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టారు. చలికాలం వచ్చేసింది. మిషను గోనెపట్టా కప్పుకుని ముందు గదిలో ఉండిపోయింది. మస్తాన్‌వలి ఇల్లు అమ్మేశాడు. కట్టిన ఖర్చు కూడా రాలేదు. కొన్నది లెక్చరర్ గారు.

ఆ తరువాత జరిగింది చూడండి. రేటు మళ్ళీ లేవాలంటే నిజమైన కరెంటు తప్ప మార్గం లేదని ఓనర్లకి అర్థమైంది. అందరూ కలిసి యజమాని మీద పడ్డారు. ఆయన ఖర్చు కట్టాడు. నెలల తరబడి కదలని నా ఎస్టిమేటు, ఒక్క అక్షరం మారకుండా, ఒక్క వారంలో మంజూరై వచ్చింది. సంక్రాంతి లోపే పని పూర్తి చెయ్యమని ఏడీఈ గారు రోజూ ఫోను. లెక్చరర్ గారు దస్తావేజు జత చేసి సర్వీసుకి దరఖాస్తు పెట్టారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆపడానికి నిబంధన లేదు. సంతకం పెట్టాను. లైను ఛార్జ్ చేసి కరెంటు వదిలిన రోజు ఆయన మిఠాయి పెట్టె పంపారు, తీసుకోలేదు. ఆ ఇంట్లో ఆయన ఒక్క రాత్రి కూడా ఉండలేదు, తాళం వేసి పెట్టుకున్నారు.

ఒకసారి గుంటూరు వెళ్ళినప్పుడు మస్తాన్‌వలి ఆచూకీ కనుక్కుని వెళ్ళాను. పత్తి మిల్లుల వెనక ఒక రేకుల షెడ్డులో మిషను పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. వెంచరులో కరెంటు వచ్చిందని చెప్పాను. తెలుసండీ అన్నాడు. హుసేన్‌బీ పరుపు కుడుతూ తల ఎత్తకుండా, “మీరా డబ్బా దించకుండా ఉంటే, మేమూ దాన్నే చూపించి నాలుగు రూపాయలు ఎక్కువకి అమ్ముకునేవాళ్ళం గదమ్మా” అంది. అతను ఊరుకోమన్నాడు. ఆమె దారం కొరికి మళ్ళీ సూది ఎక్కించుకుంది. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

ఆ తరువాత పన్నెండేళ్ళు పనిచేసి డీఈగా రిటైరయ్యాను. కొత్తగా చేరిన ఏఈలు అడిగితే ఈ సంగతి చెప్పేదాన్ని. ఆ వెంచరు నాకు నేర్పింది ఒకటే. మా శాఖలో ఎస్టిమేటు కదలాలంటే అక్కడ ఒక మనిషి చీకట్లో ఉంటే సరిపోదు, స్థలం ధర పడిపోవాలి.