ఉత్తర కనుమ దాటడానికి మూడు జతల ఫ్లాపీలు

ఈ ప్రయాణం ఊరు చూడడానికి చేసింది కాదు. మా అన్నయ్య నాకు ఉత్తరాలు రాయడం మానేసి నాలుగు నెలలైంది. కారణం ఒక కంప్యూటర్ ఆట. ఆ ఆటను నేనే కొని పంపాను, అది అన్నయ్య చేతిలో చెడిపోయింది, దాన్ని బాగుచేసే ఫ్లాపీలు చివరికి నా చేతికి వచ్చాయి. తొంభై ఆరో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం వాటిని సంచిలో వేసుకుని విశాఖపట్నంలో రైలెక్కాను. చెడిపోయిందని వదిలేసిన పాత ఆటకి మళ్ళీ వెళ్దామనుకునేవాళ్ళు నాకు అప్పుడప్పుడూ రాస్తుంటారు. వాళ్ళ కోసం టైములూ దారులూ గుర్తున్నంతవరకు చెబుతాను. భయం మాత్రం పూర్తిగా గుర్తుంది.

ముందు అన్నయ్య సంగతి. పదహారేళ్ళు చిన్న చిన్న స్టేషన్లలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేశాడు. రైల్వేలో ఆ పని చేసేవాళ్ళకి కొన్నేళ్ళకోసారి కంటి పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షలో దూరంగా ఉన్న దీపం ఎరుపో ఆకుపచ్చో అన్నయ్య తేల్చుకోలేకపోయాడు. జీతం తగ్గించలేదు, ఉద్యోగం తీసేయలేదు. ఖరగ్‌పూర్‌లో ఒక ఆఫీసులో ఫైళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. అన్నయ్యకి అదే పెద్ద శిక్ష అయింది. స్టేషను వైపు వెళ్ళడమే మానేశాడు. చుట్టూ తిరిగైనా వేరే దారిన ఆఫీసుకి వెళ్ళేవాడు. నేను విశాఖలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పేదాన్ని. మా దగ్గర పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి కొని, ఎనిమిది ఫ్లాపీల ఆటతో పాటు రైల్లో పంపించాను. ఒక పెద్ద ద్వీపం, ఏడు ఊళ్ళు, ఎటు కావాలంటే అటు నడిచిపోవచ్చు అని ఉత్తరం కూడా రాశాను. చేతికందే దూరంలో ఉన్న తెర అన్నయ్యకి బాగానే కనిపించేది. వారం తిరక్కుండా ఉత్తరాలు మొదలయ్యాయి. ఈ రోజు గుర్రాల ఊరు చూశాను, ఈ రోజు ఉప్పుకొండ ఎక్కాను అంటూ నాలుగేసి పేజీలు.

మూడున్నర నెలల తర్వాత, ఉత్తరాన మంచు కనుమలోకి గుర్రం అడుగుపెట్టగానే ఆట బిగుసుకుపోయింది. మళ్ళీ తెరిస్తే, అప్పటిదాకా ఆడి దాచుకున్నదంతా చెత్త అక్షరాలు. అన్నయ్య చివరి కార్డులో ఒకే వాక్యం ఉంది: నీ మాట నమ్మినాను. తర్వాత నేను రాసిన ఐదు ఉత్తరాలకీ జవాబు లేదు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు నేను. ఆటను హడావుడిగా బయటికి వదిలారనీ, ఆ కనుమలో చెడిపోతోందనీ, వేరు వేరు పేర్లతో దాచుకోవాలనీ ఒక పత్రికలో నేను ముందే చదివాను. అన్నయ్య అక్కడికి చేరకముందే చదివాను. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. రాయలేదు. ఈ మాట అన్నయ్య ముఖం చూసి చెప్పాలి. చెప్పాక ఇక ఎప్పటికీ మాట్లాడడేమో అన్నదే నా భయం.

టికెట్టు స్లీపరు క్లాసులో నూట యాభై పైచిలుకు అయినట్టు గుర్తు. ఆటవాళ్ళు తర్వాత విడుదల చేసిన సవరణ ఒక పత్రికతో పాటు సీడీగా వచ్చింది. అన్నయ్య కంప్యూటర్లో సీడీ పెట్టే చోటు లేదు. అందుకని మా కేంద్రంలో ఫ్లాపీల్లోకి ఎక్కించాను. రెండు ఫ్లాపీలు పట్టింది. ఒక జత చేతిసంచిలో, ఒకటి చీరల మడతల్లో, ఇంకొకటి ఉత్తి టిఫిన్ డబ్బాలో పెట్టాను. అయస్కాంతం తగిలితే ఫ్లాపీలో రాసింది పోతుందని పిల్లలకి పాఠం చెప్పే మనిషిని, నాకు వేరే గతి లేదు. శ్రీకాకుళం దాటాక ఎదురు బెర్తు ఆయన టేప్ రికార్డరు తెచ్చి నా సంచి పక్కన పెట్టాడు. దాని స్పీకరులో ఎంత పెద్ద అయస్కాంతం ఉంటుందో తలచుకుని సంచిని ఒళ్ళోకి తీసుకున్నాను. నేను దొంగలకి భయపడుతున్నానని ఆయన నొచ్చుకున్నాడు. బరంపురం దాకా నాతో మాట్లాడలేదు.

తెల్లవారి అయిదున్నరకి ఖరగ్‌పూర్‌లో దిగాను. వెలుగు వచ్చేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చుని, ఆరున్నరకి సైకిల్ రిక్షా మాట్లాడుకున్నాను. అన్నయ్య క్వార్టరు ఉన్న ఖరిదా వైపు ఎనిమిది రూపాయలు. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడి ఉంది. మొదటి గూడ్సు పోయింది, గేటు లేవలేదు. రెండోది నత్తలా వస్తోంది.

"దాదా, ఎంతసేపు?" అని రిక్షా అతన్ని అడిగాను.

"బైఠియే దీదీ, కూర్చోండి. ఇక్కడ తొందర పడ్డా అంతే, పడకపోయినా అంతే," అని బీడీ వెలిగించాడు. నాకు మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. నిజం చెప్పాలంటే గేటు ఇంకో గంట పడి ఉన్నా బాగుండుననిపించింది.

గేటు పక్కన పైడమ్మ పిన్ని ఇడ్లీ బండి. టెక్కలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మా కుటుంబాన్ని ఎరుగును. రిక్షా దిగి రెండు ఇడ్లీ పెట్టించుకున్నాను.

"మీ అన్న ఆదివారం పొద్దున్నే వచ్చీవోడమ్మా," అంది పిన్ని, చట్నీ పోస్తూ. "దసరా పూజల కాడ్నించి రాటం నేదు. ఏటయిందో ఏటో. అడగడానికి నాకు నోరు రాదు."

అన్నయ్య క్వార్టరు చేరేసరికి ఏడున్నర. తలుపు తీసింది రూతు వదిన. "ఏటి ఎస్తేరూ, సెప్పా పెట్టకండా వచ్చీసినావు!" అని చేతులు పట్టుకుంది. అన్నయ్య వరండాలో స్టూలు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచి నన్ను చూసి, "వచ్చినావా," అన్నాడు. అంతే. మళ్ళీ బ్లేడు మీద దృష్టి పెట్టాడు. 

టీ తాగుతుంటే వదిన మెల్లిగా చెప్పింది. "ఆఫీసు, ఇల్లు, మంచం. చర్చికి కూడా రాడు. ఆదివారం స్టేషను దారిన నడవాలి గదా, అదీ బాధ. ఆ ఆట ఆడినన్నాళ్ళూ మనిషి మనిషిలాగున్నాడే." కంప్యూటర్ మీద పాత దుప్పటి కప్పి, దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టి ఉన్నాయి. తొమ్మిదింటి తెలుగు ఆరాధనకి వదిన బయలుదేరుతూ, "నానొచ్చీలోగా మీరిద్దరూ ఏటో ఒకటి తేల్చుకోండి," అని గడియ వేసుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

నేను బట్టలు తీసి మంచం మీద పెట్టి, కంప్యూటర్ వెలిగించాను. అన్నయ్య పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు గానీ పేజీ తిరగలేదు. మొదటి ఫ్లాపీ బాగానే ఎక్కింది. రెండోది పెట్టగానే లోపల గరగరమని చప్పుడు, చదవలేకపోతున్నానని తెర మీద అక్షరాలు.  చీరల్లోది తీశాను. అదీ సగంలో ఆగింది. టేప్ రికార్డరాయన్ని తిట్టుకుంటూ టిఫిన్ డబ్బా మూత తీశాను. తొందరలో ఫ్లాపీని తిరగేసి పెట్టబోయి సరిచేసుకున్నాను. ఈసారి డ్రైవు దీపం వెలుగుతూనే ఉంది, చివరిదాకా పోయి ఆగింది. సవరణ పూర్తయింది.

వెనకనుంచి అన్నయ్య గొంతు వినిపించింది. "ఎన్ని తెచ్చినావే?"

"మూడు జతలు."

"మూడెందుకు?"

"ఒకటి పోతే ఇంకోటి ఉంటాదని." ఆ మాట నా నోటినుంచి వచ్చాక ఇక ఆగలేకపోయాను. తెర వైపే చూస్తూ మొత్తం చెప్పేశాను. "అన్నయ్యా, నువ్వు కనుమకి పోకముందే నాను పత్రికలో సదివినాను. ఆట పాడైపోతాదని, వేరేగా దాసుకోమని. నీకు రాయలేదు. బద్ధకించినాను. తప్పు నాదే."

అన్నయ్య పేపరు మడిచాడు. లేచి లోపలికి వెళ్ళాడు. పెట్టె తెరిచిన చప్పుడు. నా సామాను నా చేతికిచ్చి వెళ్ళమంటాడేమో అనుకున్నాను. ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. స్టేషన్లో రైళ్ళు వచ్చిన టైములు రాసే రిజిస్టరు ఎలా ఉంటుందో అలాగే గళ్ళు గీసి ఉంది. పాత రేవు వదిలినది, గుర్రాల ఊరు చేరినది, అన్నీ గంటలు నిమిషాలతో. మధ్యలో రంగు పెన్సిళ్ళతో ద్వీపం పటాలు. మొదటి పేజీలోంచి ఒక చీటీ తీశాడు. ఆట పెట్టెలో దుకాణంవాళ్ళు వేసిన చీటీ. ఒకే పేరుతో మళ్ళీ మళ్ళీ దాచవద్దు, మూడు నాలుగు ఉంచుకోండి అని దాని మీద టైపు చేసి ఉంది.

"ఇది మొదటి రోజే సదివినాను," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "మరి?"

"ఒంటి లైను మీద రెండు స్టేషన్ల నడుమ ఒకటే టోకెన్ బయట ఉండాలే. అది సేతిలో ఉన్న డ్రైవరే కదలాలి. రెండు టోకెన్లు బయటికి వచ్చినాయంటే ఎదురెదురు బళ్ళు. పదహారేళ్ళు అదే సేసినాను. ఒక్క మనిషికి నాలుగు సోట్ల నాలుగు దారులా? నాకు సెయ్యి రాలేదు. ఒకటే ఉంచినాను. సేసిందంతా నానే."

"అయితే నాకెందుకు రాయలేదు?"

అన్నయ్య చీటీ మడతపెట్టాడు. "కన్ను పోయినప్పుడు ఎవర్ని తిట్టాలో తెలీలేదే ఎస్తేరూ. కన్ను నాది. డాక్టరు మంచోడు. ఇంకెవర్ని అంటాను? ఆట పోయినప్పుడు నువ్వు దొరికినావు. కార్డు పోస్టులో పడేసినాక సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నీ ఉత్తరాలు ఇప్పలేదు." ఐదు కవర్లూ రిజిస్టరు చివర్లో అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుని కుర్చీ అన్నయ్యకి ఇచ్చాను. పాడైన పాత ఆటను ఈ సవరణ వెనక్కి తేలేదు, మొదటి రేవు నుంచి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. అన్నయ్య మొదలుపెట్టాడు. అప్పుడు మూడున్నర నెలలు పట్టిన దారి ఇప్పుడు రిజిస్టరులో ఉంది. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ ఊళ్ళో గుర్రం దొరుకుతుందో అన్నీ తెలుసు. వదిన చర్చినుంచి వచ్చి, మమ్మల్ని చూసి, ఏమీ అడక్కుండా చేపల పులుసు పొయ్యిమీద పెట్టింది. భోజనం ఆ కుర్చీలోనే చేశాడు. ప్రతి ఊరు దగ్గరా ఆగి కొత్త పేరుతో దాచుకున్నాడు. మొదటిసారి అలా చేసినప్పుడు, "నియమం తప్పించీసినావు గదే నాసేత," అన్నాడు.

నాలుగుంబావుకి కనుమ ముందు నిలబడ్డాం. అన్నయ్య గుర్రాన్ని లోపలికి పోనిచ్చాడు. తెర బిగుసుకుంది. డ్రైవు దీపం వెలగలేదు, చప్పుడు లేదు. వదిన తడిచేత్తో గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను లోపల పది దాకా లెక్కపెట్టాను, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. అప్పుడు దీపం ఒకసారి మినుకుమంది, గుర్రం కదిలింది. అవతల ఏమీ లేదు. తెల్లటి బయలు, రెండు చెట్లు, పాడుబడ్డ గుడిసె. ఇంత ఖాళీ చోటు కోసమా ఇంత దిగులు పడ్డాం అనిపించింది. అన్నయ్య మాత్రం గుడిసె చుట్టూ మూడుసార్లు తిరిగి, రిజిస్టరులో టైము రాసుకుని, యంత్రం ఆపేశాడు.

నా తిరుగు రైలు ఆరున్నరకి. అయిదున్నరకి రిక్షా పిలవబోతుంటే అన్నయ్య చెప్పులు వేసుకున్నాడు. "నడుద్దాం రా. స్టేషను ఎంతదూరం," అన్నాడు. వదిన నా చెయ్యి గట్టిగా గిల్లింది. దారి పొడుగునా నేను నోరు విప్పలేదు, ఒక్క మాట తప్పుగా పడితే వెనక్కి తిరుగుతాడేమోనని. ప్లాట్‌ఫాం మీదికి వచ్చాక పాత పరిచయస్తుడెవరో బెంగాలీలో పలకరిస్తే ఆగి మాట్లాడాడు. తర్వాత ప్లాట్‌ఫాం చివరిదాకా వెళ్ళి, చీకటి పడుతున్న పట్టాల వైపు కళ్ళు చికిలించి చూశాడు.

"ఎస్తేరూ, ఆ దీపం ఏటి రంగే?"

పదహారేళ్ళు డ్రైవర్లకి ఆ రంగులు ఇచ్చిన మనిషి అడుగుతున్నాడు. నేనూ అటు చూశాను. "పసుపు, అన్నయ్యా."

"అయితే నెమ్మదిగా వస్తాది," అన్నాడు. "టైముంది. టీ తాగుదాం."

ఆ తర్వాత అన్నయ్య ద్వీపం మొత్తం తిరిగాడని, ఉత్తరాలు మళ్ళీ నాలుగేసి పేజీలయ్యాయని చెబితే కథ బాగుంటుంది గానీ, అలా జరగలేదు. మార్చిలోనే ఆ ఆట మీద మోజు తగ్గిపోయింది. ఆదివారాలు ఇడ్లీలకి గేటు దగ్గరికీ, అక్కడినుంచి ప్లాట్‌ఫాం మీదికీ వెళ్ళడం మొదలుపెట్టాడు. తెలిసినవాళ్ళెవరైనా కనబడితే రంగు అడిగేవాడట. నేను ఆ రోజంతా భయపడింది అన్నయ్య కోపానికి. లోపల సిగ్గుతో కూర్చున్న మనిషి బయటికి కోపంగానే కనిపిస్తాడని నాకు అప్పటిదాకా తెలియదు.

పనికొచ్చే మాట ఒక్కటి. పాత ఆటకి తిరిగి వెళ్ళేవాళ్ళు సవరణ ఫ్లాపీలు కనీసం రెండు జతలు పట్టుకెళ్ళండి, ఆటను మొదటినుంచి మొదలుపెట్టండి. ఆ ఆటను ఇంకొకరికి ఇచ్చేటట్టయితే, దానిలో మీకు తెలిసిన లోపం ఇచ్చిన రోజే చెప్పేయండి. పోస్టుకార్డు చాలు.