మిరప దుమ్ములో పాలపుంత

మా చుట్టుపక్కల నా మాట నమ్మేవాళ్లు లేరు. తప్పు వాళ్లది కాదు. సత్తెనపల్లిలో నేనో మిరపకాయ కొరికితే వాడరేవులో సముద్రం వెనక్కి జరిగిందని చెప్పినవాణ్ణి.

ఎనభైల్లో మాట. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, పక్క గదిలో ఇప్పటి మా ఆవిడ తెలుగు చెప్పేది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోనే లేదని హామీ ఇచ్చి, మధ్యవర్తి సంబంధం కదిపాడు. ఆవిడ తండ్రి మిరప రైతు. నన్ను నేరుగా కాయలు ఎండబోసిన కళ్లంలోకే రమ్మన్నాడు. ఘాటుకి దగ్గుతూ ఆయన అక్క, మధ్యవర్తీ అక్కడే తిరుగుతున్నారు.

"కోతలు కోస్తావంటగా. ఒక్క నిజం చెప్పు. నమ్మబుద్ధయితే పిల్లనిస్తా."

అలవాటు లేని పని. బళ్లో చెప్పే పాఠమే అందుకున్నాను.

"మనం పాలపుంత లోపలే ఉన్నామండీ. దాని నడుమ ఏముందో, చుట్టూ చుక్కలు ఎట్టా చుట్టలు తిరిగాయో పటం గీస్తున్నారు."

"ఎవరు పోయి చూశారు?"

"ఎవరూ పోలేదండీ. మధ్యలో దుమ్ము అడ్డం, కంటికి ఆనదు. రేడియో అలలైతే ఆ దుమ్ములోంచి వచ్చేస్తాయి. వాటిని పట్టి ఏది ఎక్కడుందో చెబుతారు."

"సముద్రం కతే నయం," అని పెద్దాయన లేవబోయాడు.

అప్పుడే కూలీలు టిక్కీలనే గోనె బస్తాల్లో కాయలు పోసి తొక్కడం మొదలెట్టారు. ఎర్రదుమ్ము లేచింది. కళ్లు తెరిచే వీల్లేదు. నలువైపులా దగ్గులు, తుమ్ములు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కళ్లు మూసుకునే చెబుతా వినండి. ఆ బొంగురు దగ్గు మధ్యవర్తిది, రాశికి అవతల. సన్న దగ్గు మీ అక్కగారిది, మంచం పక్కన. పాక తలుపు వెనక చిట్టి తుమ్ములు మీ అమ్మాయివి."

దుమ్ము అణిగింది. అందరూ చెప్పినచోటే ఉన్నారు. పెద్దాయన కళ్లు తుడుచుకుని తలుపు వైపు చూశాడు, నావైపు చూశాడు.

"పాలపుంత నమ్మాను. మొహమే చూడని పిల్ల తుమ్ము నీకెట్టా తెలుసయ్యా?"

మధ్యవర్తి మళ్లీ దగ్గాడు, ఈసారి దుమ్ము లేకుండానే.

"ఆమెకి సుద్దముక్క పొడి పడదండీ. గోడకి ఇవతల రోజూ వింటుంటాను."

"శుభమా అని మాట్లాడుకుంటుంటే తుమ్ములేందిరా," అని వాళ్లక్క గొణిగింది.

"మిరప కళ్లంలో తుమ్ముకి శకునం లేదక్కా," అన్నాడు పెద్దాయన. "రెండు నిజాలు చెప్పాడు, వీడి జన్మకి చాలు. పిల్లని బయటికి రమ్మను."

ఇప్పటికీ వంటింట్లో పోపు ఘాటెక్కితే ఆ చిట్టి తుమ్ములు వినిపిస్తాయి. ఆ రోజు ఆ దుమ్ముకి పైన ఎగిరే కొంగ తుమ్మి మిరప రాశిలో పడిందని నేను మనవల్లాంటి పిల్లలకు చెబుతుంటే, మా ఆవిడ లోపల్నుంచి సరిదిద్దుతుంది, కొంగ కాదు, కాకి అని.