మూకీ దయ్యం, మా బాపు నవ్వు

మా చిన్నప్పుడు... మావాళ్ళు మగ్గాల పనికి వలసొచ్చిన ఉధ్నాలో, మా అద్దె గదిలో, సెలవు రోజు మధ్యాహ్నం, టీవీలో దయ్యం దుప్పటి కప్పుకుని వచ్చేది. ఆ దుప్పటే కాళ్ళకు అడ్డంపడి బోర్లా పడేది. దాన్ని చూసి జడుసుకోవాల్సిన బక్క హీరో, అయ్యో పాపమని లేపి నిలబెట్టేవాడు!

అవి మాటల్లేని పాత నలుపు తెలుపు సినిమాలు. మా బాపు సీడీలు అద్దెకు తెచ్చేవాడు. మరమగ్గాల మోతకు ఆయన చెవులు మందగించాయి. మాటల సినిమా పెడితే "ఏమన్నడు? ఏమన్నడు?" అని అడిగీ అడిగీ, చివరికి చిన్నబోయి ఊరుకునేవాడు. మూకీ పెడితే మాత్రం... అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

ఆ నవ్వు పక్కన కూర్చోవాలని నాకెంత ఆశో! కానీ ఆ చోటు పక్కింటి సుజాతది.

మగ్గాల దగ్గర మాట వినపడదు కదా... అక్కడివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. సుజాత రోజూ వాళ్ళ నాన్నకు టిఫిన్ డబ్బా తీసుకెళ్ళి ఆ సైగలన్నీ నేర్చేసుకుంది. నన్ను మా అమ్మ అటు పోనిచ్చేది కాదు. "చెవులు ఖరాబైతయ్, సదువుకో పో" అనేది.

దయ్యం నోరు తెరిస్తే చాలు, బాపు చేతులతో దాని మాటలు చెప్పేవాడు. సుజాత చేతులతోనే బదులిచ్చేది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. "ఏందే? ఏమన్నడే?" అని నేను సుజాతను బతిమాలాలి... మా బాపు మాట నాకు అది చెప్పాలి! ఒళ్ళు మండిపోయేది.

ఓసారి పట్టలేక, సుజాత చేసే సైగ ఒకటి నేనూ చేశాను. బాపు గబుక్కున లేచి నిలబడ్డాడు. అది పోగు తెగిందని చెప్పే సైగట! "ఇయ్యాల ఛుట్టీ గదనే బిడ్డా, మగ్గాలు బందే" అని తనే నవ్వాడు. సుజాత అయితే కిందపడి దొర్లింది. నేను ఏడ్చి అన్నం మానేశాను.

ఇప్పుడు అదే ఊళ్ళో అడాజన్‌లో ఉంటున్నాం. బాపుకు చెవి మిషన్ కొనిచ్చాను. నేనేం చెప్పినా వింటాడు... ఇక బాపు నావాడే అని మురిసిపోయాను.

మొన్న టీవీలో అలాంటి దయ్యం సినిమానే వెతికి పెట్టి, పక్కన కూర్చున్నాను. బాపు చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. "జర ఆగు బిడ్డా" అని, కరీంనగర్‌లో ఉన్న సుజాతకు వీడియో కాల్ కలిపాడు.

ఈ రోజుల్లో ఇంట్లో ఎవరి ఫోన్లో వాళ్ళు నవ్వుకుంటున్నాం... కలిసి నవ్వేది ఆ ఇద్దరే. కుళ్ళుకోకుండా ఎలా ఉండను చెప్పండి! మీ నాన్న నవ్వును ఇలా ఎత్తుకుపోయినవాళ్ళు మీకూ ఉంటే కింద రాయండి... నా కడుపుమంట కాస్త చల్లారుతుంది.