మామ చెయ్యి వణికిన ఆ ఏడు నెలలు

నిన్న పొద్దున షోళింగనల్లూరులో ఆఫీస్ క్యాబ్ దిగతా ఉంటే అత్త ఫోన్. "మామ లేవలేదు పాపా" అనింది.

నాకు అర్థం కాలా. మళ్ళీ అడిగినా. మళ్ళీ అదే చెప్పింది.

కాఫీ తాగి కుర్చీలో ఒరిగినోడు అట్టే పోయినాడంట. గుండె.

మా అమ్మ తమ్ముడు, చూలైలో ఉండే ఏకాంబరం మామ. అంబత్తూరులో ఒక చిన్న యూనిట్‌లో ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే టర్నర్. వెంట్రుకలో అయిదో వంతు తేడా వచ్చినా ఆ పీస్ స్క్రాప్‌లో పారేసే మనిషి.

రాత్రంతా ఏడ్చినా, చాలు. మామ గెలిచిన కథ చెప్తా, వినండి.

నాలుగేళ్ళ కింద మామకి వైరల్ ఫీవర్ వచ్చింది. వారంలో తగ్గిపోయింది. ఇంకో మూడు వారాలకి గొంతు ముందర నొప్పి, చెవి దాకా లాగేది. చెమటలు. శానా తింటాడు, అయినా చిక్కిపోతాడు. దాని వెనకాలే చెయ్యి వణకడం మొదలైంది.

చెయ్యి వణికితే మిషన్లు తిరిగే షాప్ ఫ్లోర్‌లో అర్థం ఒకటే. తాగతా ఉండాడు.

జన్మలో చుక్క ముట్టనోడు అప్పా! రోజూ గేటు కాడ ఎవడో ఒకడు నోరు వాసన చూసేది. మేనేజర్ లేత్ కాడినుంచి తీసి ప్యాకింగ్‌లో పడేసినాడు. అట్టపెట్టెలకి టేప్ అంటించే పని. మామకి తలకొట్టేసినట్టయింది.

ఇంకొకడైతే కొట్లాడతాడు, లేదంటే నిజంగానే తాగతాడు.

మామ ఏం చేసినాడో తెల్సా? కొలిచినాడు!

గోడ గడియారం చూస్తా నాడి పట్టి, పూటపూటకీ క్యాలెండర్ మీద రాసుకున్నాడు. ఊరికే కూర్చున్నా నిమిషానికి నూటపది, నూటపదహైదు. ఆ క్యాలెండర్ చంకలో పెట్టుకొని డాక్టరమ్మ కాడికి పోయినాడు.

"వాసన చూసేటోళ్ళు శానామంది ఉండారమ్మా. మీరన్నా కొలిచి చూడండి."

ఆమె మామ గొంతు మీద చెయ్యి పెడితే నొప్పికి ఎగిరిపడినాడు. బ్లడ్ టెస్ట్ తీసినారు.

థైరాయిడ్!

జ్వరం తగ్గినాక ఆ వైరస్ వల్లే థైరాయిడ్ గ్రంథి వాచిందంట. లోపల దాచుకున్న హార్మోన్ అంతా ఒకేసారి రక్తంలో కలిసిందంట. అందుకే దడ, వణుకు. శానామందికి మెల్లగా సర్దుకుంటుంది, కానీ టెస్టులు మానొద్దు అనింది. నొప్పికి, దడకి మాత్రలిచ్చింది.

సర్దుకునే ముందర రివర్స్ కూడా అయింది. హార్మోన్ తగ్గిపోయి ఎప్పుడు చూసినా నిద్రే. అదీ దాటినాడు. ఏడో నెల రిపోర్ట్ నార్మల్!

నేరుగా మేనేజర్ కాడికి పోయి "ఒక్క షాఫ్ట్ ఇయ్యి సార్, చెక్కి చూపిస్తా" అన్నాడు. అందరూ చుట్టూ నిలబడినారు. మైక్రోమీటర్ పెట్టి చూస్తే సైజు కరెక్ట్. ఇంకొకటి. అదీ కరెక్ట్! పది దాకా ఆపలా మామ. ఆఖరికి మేనేజరే మిషన్ ఆపి చెయ్యి పట్టుకున్నాడు.

మర్నాడు మామ ఆ రిపోర్ట్‌ని ల్యామినేట్ చేసి క్యాంటీన్ బోర్డుకి కొట్టినాడు, టిఫిన్ లిస్ట్ పక్కన. రిటైరయ్యే దాకా ఎవర్నీ తీయనీలా. ఏం టెక్కో!

ఒకటి మాత్రం ఈరోజు ఒప్పుకోవాల.

ఆ నెలల్లో ఒకరోజు ఇంటికొచ్చిన మామని గట్టిగా వాటేసుకున్నా. వాసన చూసేదానికి. నేనూ అనుమానపడినా.

మామకి తెలిసిపోయింది. నా తల నిమిరినాడు. చెయ్యి వణకతానే ఉండింది.

మన్నించు మామా. నువ్వు గెలిచినావు. తలెత్తుకునే పోయిరా. నీ ఆత్మకి నెమ్మది కలగాల.