జూలైలో ఉన్ని తొడుగు

ఓర్విల్ ట్వెట్ పాచిక ముట్టడు. అతనికున్నది ఆ ఒక్క పిచ్చే, కాకపోతే అది పదిమందికి సరిపోతుంది.

డెబ్బై అయిదు నాటి సంగతి. విస్కాన్సిన్‌లో మా ఊరి పాలలారీ డ్రైవరు ఓర్విల్. ఆదివారం చర్చి అయ్యాక వోల్కర్ మాస్టారింటి బేస్‌మెంటులో మా క్లబ్బు కూడేది. అంతకుముందు బల్లమీద ఇసక పోసి బొమ్మ సైనికులతో యుద్ధాలాడేవాళ్ళం. ఎదిగిన మగాళ్ళకిదేం ఆట అని ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వారని, ఇంకా నవ్వొచ్చే ఆటలోకి దిగాం. ఓర్విల్ కథ నడిపేవాడు, మేం తలా ఓ వీరుడిగా ఆ కథలోకి దిగేవాళ్ళం. గుహలో ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు అని అడిగేవాడు. మన కత్తి తగిలిందో లేదో తేలాలంటే అతని కాఫీ డబ్బాలోంచి పేకాటలో పందెం కాసే బిళ్ళ ఒకటి తీయాలి. వాటిమీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలుంటాయి. పెద్దదొస్తే బతుకుతాం, చిన్నదొస్తే పోతాం.

డబ్బా దాకా ఓర్చుకున్నాం. ఆ వసంతంలో తొడుగొచ్చింది. వాళ్ళమ్మ అల్లిన ఎర్ర ఉన్ని తొడుగు. అది చేతికి తొడుక్కుంటే తప్ప డబ్బాలో చెయ్యి పెట్టనివ్వడు. డ్రాగన్ మీదికొస్తున్నా సరే, ముందు తొడుగు. జూలైలో ఒళ్ళంతా చెమటలు కారుతుంటే మాస్టారు ఉండబట్టలేక ఎందుకీ గోల అనడిగారు.

"గుహలో చలి," అన్నాడు ఓర్విల్.

ఎవరెప్పుడడిగినా అదే జవాబు.

నా సంగతీ చెప్పాలి. ఆ ఏడాదే నా కళ్ళు మసకబారాయి. ఇక బాగుపడవని డాక్టరు చెప్పాడు. నేనెవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు, జాలిపడితే గుహలో అందరికంటే ముందు నడిచే నా వీరుణ్ణి వెనక వరసలోకి తోస్తారు. ఫిబ్రవరిలో ఓసారి మూడుని ఎనిమిదని చదివితే అందరూ పగలబడి నవ్వారు. ఒక్క ఓర్విల్ నవ్వలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకి బిళ్ళల అంచున గాట్లు నా బొటనవేలికి తగిలాయి. పెద్ద గాటంటే అయిదు, చిన్న గాటంటే ఒకటి. ఓర్విల్‌కి కూర్చున్నచోట చాకుతో ఏదో ఒకటి చెక్కే అలవాటుంది, ఊసుపోక చెక్కాడనుకున్నాను. గుట్టు కనిపెట్టింది నేనొక్కణ్ణేనని నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆగస్టులో మాస్టారు ఇరవై ముఖాల పాచికలు తెప్పించారు. చీమతలకాయంత అంకెలు, వాటికి రంగు కూడా మనమే రుద్దుకోవాలి. క్రిస్మస్‌కల్లా అరిగి గోళీలైపోతాయని ఓర్విల్ వాటిని వెనక్కి తోసేశాడు. మాస్టారు విసుక్కుని డబ్బా బోర్లించారు. అప్పుడు చూశారు గాట్లని.

ఆయన గొంతు లేచింది. బిళ్ళలకి గుర్తులు పెట్టడమంటే మోసమన్నారు. ఎందుకు చెక్కావో చెప్పు, లేకపోతే క్లబ్బు వదిలిపెట్టు అన్నారు. ఓర్విల్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"డబ్బా నాది. బిళ్ళలు నావి. చెప్పను."

అతణ్ణి పంపేద్దామనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు మాస్టారు. కుర్చీల కిర్రుని బట్టి చేతులు లేస్తున్నాయని తెలిసింది. గాట్లెవరికోసమో, తొడుగెందుకో నాకప్పటికి గాని బుర్రకెక్కలేదు. సిగ్గేసింది, దానికి మించి కోపమొచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఆ గాట్లు నాకోసం, మాస్టారూ. నాకు కళ్ళు కనపడ్డం లేదు. లోపల తడిమి మంచి బిళ్ళ ఏరుకోకుండా అందరికీ తొడుగు పెట్టాడు. జాలిపడేవాళ్ళుంటే పైకెళ్ళి వంటింట్లో పడండి. గుహలో మాత్రం ముందు నడిచేది నేనే."

"నిన్నెవడు చెప్పమన్నాడ్రా, మెర్ల్?" అని ఓర్విల్ నామీదే గయ్యిమన్నాడు.

బిళ్ళలు డబ్బాలో పోశాను. డ్రాగన్ ఇంకా ఎదురుగానే ఉంది. తొడుగు తొడుక్కుని ఒకటి తీశాను, తొడుగు విప్పి అంచు తడిమాను. ఒకే ఒక్క గాటు, అదీ చిన్నది.

"ఒకటి," అన్నాను.

"చచ్చావు," అన్నాడు ఓర్విల్ తృప్తిగా. "చూశారా మాస్టారూ, మోసం చేసేవాడికి ఇంత దరిద్రపు అంకె వస్తుందా?"

మాస్టారు పాచికల పెట్టె మూసి పక్కన పెట్టారు. తన వంతు బిళ్ళ కోసం డబ్బావైపు చెయ్యి చాపారు. ఓర్విల్ డబ్బా వెనక్కి లాగి, చెమటకి తడిసిన తొడుగు ఆయన ముందు పెట్టాడు.

"తొడుక్కోండి. గుహలో చలి."