ఈరన్న దీపం వెనక ఎమ్మిగనూరుకు

మొదట క్షమాపణ. కాశీకీ, రామేశ్వరానికీ వెళ్లి పుణ్యంతో పాటు ఒక వ్యాసాన్ని కూడా మూటగట్టుకొచ్చే పెద్దలందరికీ చేతులు జోడించి మనవి చేసుకుంటున్నాను: నేను వెళ్లింది ఎమ్మిగనూరుకు. అదీ ఆదోని నుంచి. అదీ సైకిలు మీద. ఇంత అల్పమైన యాత్ర గురించి రాయడానికి తెగించినందుకు నన్ను మన్నించకపోయినా సరే, చదవడం మాత్రం మానకండి.

సెలవులకు ఆదోనిలో మా మేనమామ ఇంట్లో దిగాను. పక్కింటి నాగప్ప పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాళ్లది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. అలాంటివాళ్లు ఆరుగురు ప్రతి ఆదివారం తెల్లవారకముందే గుంపుగా సైకిళ్ల మీద ఇళ్లకు పోతారు, సోమవారం అలాగే వచ్చి పనిలో చేరతారు. బస్సు లేకపోలేదు గానీ అది నిద్ర లేచేసరికి వీళ్లు ఊళ్లో ఉంటారు. ఆ ఆదివారం నాగప్పకు మరీ తొందర. వాళ్ల మగ్గానికి కొత్త పడుగు పోగులను వీధి పొడవునా చాపి గంజి పట్టించాలి. ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వకపోతే పోగులు అతుక్కుని తెగిపోతాయి. అదే జరిగితే మళ్లీ నూలు దొరికేదాకా మగ్గం ఖాళీ, ఇల్లూ ఖాళీ. వాళ్ల నాయనకు కుడిచెయ్యి పట్టు తప్పింది. వరసకు ముందు నిలబడి కుంచె పట్టాల్సింది నాగప్పే. “నేనూ వస్తా” అన్నాను, బి.ఏ. చదువుతున్నవాడి ధైర్యంతో. అద్దె సైకిలు రోజుకు ఎనిమిదణాలు. బ్రేకులు లేవు కదా, తగ్గించమంటే, “బ్రేకులేసుకుంటా కూసుంటే ఎమ్మిగనూరు వస్తాదా అప్పా?” అన్నాడు షాపతను.

నాలుగు గంటలకు బయలుదేరాం. గుంపంతటికీ ఒకటే దీపం. అది పెద్దవాడైన ఈరన్న సైకిలుకుంది. “దీపాన్ని సూడొద్దు. నీ ముందరోని యీపు సూసుకోని తొక్కు” అన్నాడు. ముందు నుంచి “గుంత!” అని ఒక మాట వస్తే నోటినుంచి నోటికి వెనక్కి పోతుంది. మైలురాయి దాటిన ప్రతిసారీ చివరివాడు గంట కొట్టాలి. గంట వినబడితేనే ఈరన్న ముందుకు పోతాడు. ఆదోని కొండ వెనకబడింది. రెండు పక్కలా నల్లరేగడి చీకటి, నెత్తిన చేతికందేటట్టు చుక్కలు. ఎదురుగా పత్తి బళ్ల వరస వచ్చింది. ఇరుసుల కింద లాంతర్లు ఊగుతున్నాయి, మూటల మీద బండివాళ్లు ముసుగుతన్ని నిద్రపోతున్నారు, ఎద్దులే బాధ్యతగా నడుస్తున్నాయి. ఆ వరస పక్కనుంచి మా వరస చప్పుడు లేకుండా జారిపోయింది. అంతవరకూ మనసులో కట్టుకున్న హాస్యోక్తులన్నీ నోట్లోనే ఆగిపోయాయి.

ఇంకా ఆరేడు మైళ్లుందనగా మైలురాయి వచ్చింది. గంట రాలేదు. ఈరన్న ఆగాడు. అందరూ సైకిళ్లు వెనక్కి తిప్పారు. చివరనున్న నాగప్ప తెగిన చెయిను భుజాన వేసుకుని, సైకిలు తోసుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు. తూరుపు తెల్లబడుతోంది.

“మీరు పోండన్నా! ఆడ మా నాయన గంజి కాసింటాడు.”

“నిన్ను ఈడ ఇడిసి మీ నాయనకు ఏం మొగం సూపేదిరా?” అని ఈరన్న నావైపు తిరిగాడు. “ఓ కాలేజీ అప్పా, దిగు. సైకిలు వానికియ్యి. నువ్వు నా యెనకాల మూట మాదిరి కూసో. మూట మాట్లాడదు, తెలిసెనా?”

నాగప్ప నా సైకిలెక్కాడు. భీమప్ప అనే కుర్రవాడు తన సైకిలు ఒక చేత్తో తొక్కుతూనే, నాగప్పది ఇంకో చేత్తో పట్టుకుని, నాలుగు చక్రాలనూ ఒకే బండిలా నడిపించాడు. నేను క్యారియరు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. ముందు గాలి ఈరన్నది, వెనక బరువు కూడా ఆయనదే.

ఊరు చేరేసరికి వీధిలో పడుగు చాపి ఉంది. గంజి వాసన వేస్తోంది. నాగప్ప నాయన ఎడమచేత్తో కుంచె పట్టుకుని, వీధి మలుపు వైపే చూస్తున్నాడు. ఆరుగురూ సైకిళ్లు గోడకు పడేసి, మొహమైనా కడుక్కోకుండా పడుగుకు రెండు పక్కలా నిలబడ్డారు. నాగప్ప ముందు కుంచె అందుకున్నాడు. వెనక్కీ ముందుకీ ఒకే అడుగు, ఒకే విసురు. దారిలో నడిచిన వరసే ఇక్కడా నడుస్తోంది. ఎండ ఇళ్ల కప్పులు దిగి వీధిలోకి వచ్చేసరికి పోగులన్నీ విడివిడిగా మెరిశాయి. ముసలాయన వాటి మీద చెయ్యి జారనిస్తూ ఆ కొసదాకా నడిచాడు. “ఒగటి గూడా తెగలేదప్పా” అన్నాడు.

నాగప్ప తల్లి నాకు బొరుగుల ఉగ్గాని ఇంత ఎత్తు పెట్టింది. “తొక్కి తొక్కి అలిసిపోయింటావు నాయనా, తిను.” ఈరన్న దగ్గాడు. నేను గంభీరంగా తిన్నాను.

చాలా ఊళ్లలో పెద్ద గోపురాలు చూశాను, తలెత్తి చూసి వచ్చేశాను. ఆ ఉదయం చూసింది మాత్రం కళ్లముందు ఒక వీపు, వెనక ఒక గంట. వాళ్లకది ప్రతి ఆదివారం ఉండేదే, చెప్పుకోవడానికేమీ లేదు. నాకు మాత్రం ఇప్పటికీ రోడ్డు మీద మైలురాయి కనబడితే చెవులు వెనక్కి పోతాయి. వెళ్లదలచినవారికి ఒక్క సలహా: బయలుదేరే ముందు క్యారియరు గట్టిదో కాదో చూసుకోండి. మీది కాదు, మీ ముందువాడిది.

కాలేజీలో ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా తొక్కానని చెప్పుకుంటున్నాను. మీ దగ్గర దాపరికమెందుకు? ఆ ప్రయాణంలో నాగప్ప పడుగుకు పనికొచ్చేలా నేను చేసినది ఒక్కటే. దిగమన్నప్పుడు దిగాను.